పొటాష్ బస్తా నుంచి పటిక దాకా: మా ప్రాజెక్టు డైరీ

జూలై 4, శుక్రవారం

పదో తరగతికి రసాయన బంధం పాఠం నేనింకా మొదలుపెట్టలేదు. అయినా మొదటి బెంచీలో ఒకమ్మాయి పుస్తకం ముందే తిరగేసి వస్తుంది. ఇవాళ లేచి, "టీచర్, పొటాషియం నైట్రేట్‌లో ఉన్నది అయానిక బంధమా, సమయోజనీయ బంధమా?" అని అడిగింది. ఎలక్ట్రాన్ ఒకరు ఇచ్చి ఇంకొకరు పుచ్చుకుంటే అయానికం, ఇద్దరూ పంచుకుంటే సమయోజనీయం. అయానికం అన్నాను, ఇన్నేళ్ళుగా అంటున్నట్టే. "లోహం ఎలక్ట్రాన్ ఇస్తుంది, అలోహం పుచ్చుకుంటుంది అన్నారు కదా. మరి నైట్రోజనూ ఆక్సిజనూ రెండూ అలోహాలే. వాటిలో ఎవరు ఎవరికిచ్చారు?" అంది. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను.

సైన్స్ ఫెయిర్‌కి ఏం చేద్దామా అని ఎలాగూ తల పట్టుకుని ఉన్నాం. అగ్నిపర్వతం, వాన నీటి గుంట చేసీ చేసీ విసుగొచ్చింది. ఈ ప్రశ్ననే ప్రాజెక్టు చేసేద్దాం, పొటాషియం ఉన్న పదార్థాల్లో బంధం ఎలాంటిదో చూద్దామన్నాను. ఆ అమ్మాయితో పాటు ఒక అబ్బాయి చేరాడు. వాళ్ళ నాన్నగారు భీమవరం పక్కన రొయ్యల చెరువులు చూసుకుంటారు. అది మాకు బాగా కలిసొచ్చింది. చెరువులో ఖనిజాలు తగ్గితే చల్లే పొటాష్ (పొటాషియం క్లోరైడ్ ఎరువు), నీటి శుద్ధికి వేసే ఊదారంగు పొటాషియం పర్మాంగనేట్ ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. పటిక కిరాణా కొట్లో దొరుకుతుంది. కొబ్బరి డొక్కలు కాలిస్తే బూడిద నిండా పొటాషియమే. అంటే మా సరుకు సగం ఊళ్ళోనే ఉంది.

జూలై 6, ఆదివారం

అయానిక పదార్థం నీళ్ళలో కరిగితే అయాన్లుగా, అంటే ఆవేశం ఉన్న కణాలుగా విడిపోతుంది, అప్పుడు ఆ నీళ్ళలోంచి కరెంటు పోతుంది. అది పట్టుకోవడానికి టెస్టర్ తయారైంది. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, పాత టార్చి సెల్లుల్లోంచి పీకిన రెండు కార్బన్ కడ్డీలు. వరసలో నా మల్టీమీటర్ కూడా పెట్టాం, కరెంటు అంకెల్లో కనిపించాలని.

మొదటి పరీక్షే తన్నేసింది. పంచదార నీళ్ళలో కడ్డీలు ముంచితే ఎల్ఈడీ వెలిగింది, మీటర్ 4 మిల్లీ ఆంపియర్లు చూపించింది. పంచదార అయానికమని అబ్బాయి నోట్సులో రాసేసుకున్నాడు కూడా. "ముందు ఉత్త నీళ్ళు చూడరా" అంటే, వాటిలోనూ అదే 4. తప్పు పంచదారది కాదు, మా బోరు నీళ్ళది. వాటిలో కరిగిన లవణాలే దీపం వెలిగిస్తున్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కొచ్చాం. అందులో ఎల్ఈడీ చీకటి. పంచదార కలిపినా చీకటే.

జూలై 12, రెండో శనివారం

అబ్బాయి సంచిలో కిలో పొటాష్ తెచ్చాడు. ఇటుక రంగులో ఉంది. నిజానికి పొటాషియం క్లోరైడ్ తెల్లన, ఆ ఎరుపు దానికి అంటుకొచ్చిన ఐరన్ ఆక్సైడ్‌ది. బస్తా మీద 60 శాతం కే2ఓ అని ఉందట. "ఇందులో పొటాషియం ఆక్సైడ్ ఉందా టీచర్?" అన్నాడు. ఒక్క గ్రాము కూడా లేదు. ఎరువుల వాళ్ళు పొటాషియాన్ని ఆక్సైడ్ లెక్కన కొలిచే పాత అలవాటు అది. 60 శాతం కే2ఓ అంటే సుమారు 95 శాతం పొటాషియం క్లోరైడ్. ఆ లెక్క వాళ్ళ చేతే చేయించాను.

50 గ్రాముల పొటాష్‌ను 100 మి.లీ. మరిగే నీళ్ళలో కరిగించి, వేడి మీదే మడత పెట్టిన పాత కాటన్ గుడ్డలోంచి వడగట్టాం. గుడ్డ మీద ఎర్రమన్ను, కింద దాదాపు నీళ్ళలాంటి ద్రావణం. మరిగే నీళ్ళు 100 మి.లీ.కి 56 గ్రాముల దాకా కరిగించుకోగలవు, 30 డిగ్రీల దగ్గర 37 మాత్రమే. చల్లారేసరికి మిగులు అడుగున దిగింది. ఆరబెట్టి తూస్తే 11 గ్రాములు. భూతద్దం కింద పెడితే చిన్న చిన్న పాచికలు, మూలలు చెక్కినట్టు. అమ్మాయి దాని మీదనుంచి తల ఎత్తలేదు.

జూలై 13, ఆదివారం

ఘనరూపంలో అయానిక పదార్థం కరెంటు పంపదని పాఠం. మా శుద్ధి చేసిన పొటాషియం క్లోరైడ్ గుట్టలో కడ్డీలు గుచ్చితే ఎల్ఈడీ మినుకుమంది! ఇద్దరూ నా మొహం చూశారు. బయట ముసురు. గింజల మీద సన్నని తేమ పొర చేరింది, ఆ పొరలో కరిగినవి చాలు దీపానికి. మూకుడులో వేసి పావుగంట వేయించి, వేడి మీదే మళ్ళీ గుచ్చాం. చీకటి. చెంచాడు తీసి డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే 10 మిల్లీ ఆంపియర్లు, ఎల్ఈడీ కళ్ళు చెదిరేలా.

నీళ్ళలో కరిగించకుండా ఉత్త వేడితో కరగబెట్టి కూడా చూపిద్దామని అబ్బాయికి ఆశ. పొటాషియం క్లోరైడ్ 770 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మన గ్యాస్ పొయ్యి మీద అది అయ్యే పని కాదు. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, 334 దగ్గరే కరుగుతుంది. కానీ అంత వేడిలో అది ఏ చెత్త తగిలినా భగ్గుమనిపించే సరుకు. పిల్లల ముందు చెయ్యనని చెప్పేశాను. దానికి బదులు ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కథ చెప్పాను. 1807 అక్టోబర్‌లో లండన్‌లో ఆయన కాస్టిక్ పొటాష్‌ను (పొటాషియం హైడ్రాక్సైడ్) కాస్త తడిపి, పెద్ద బ్యాటరీ కరెంటు పంపి, కరిగిన ముద్దలోంచి పాదరసం చుక్కల్లాంటి లోహం తీశాడు. కొన్ని చుక్కలు అక్కడికక్కడే మండిపోయాయి. పొటాషియం లోహాన్ని మనిషి చూడటం అదే మొదలు.

జూలై 19, శనివారం

100 మి.లీ. నీళ్ళు, 29 డిగ్రీలు. 20 గ్రాముల పొటాషియం క్లోరైడ్ వేసి కలిపితే థర్మామీటర్ 20కి దిగింది. గ్లాసు బయట చెమ్మ పట్టింది. అబ్బాయికి ఇదే అన్నిటికంటే నచ్చింది, కూల్‌డ్రింక్ పెట్టుకోవచ్చు అంటాడు.

ఇది ఎందుకు చల్లబడుతుందో చెబితే బంధం సంగతి సగం చెప్పినట్టే. స్ఫటికంలో పొటాషియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, క్లోరైడ్ చుట్టూ ఆరు పొటాషియాలు. ఇది దీని జంట అని విడదీసి చూపించడానికి లేదు. ఆ కట్టడం మొత్తం విప్పాలంటే మోలుకు, అంటే దాదాపు 75 గ్రాములకు, సుమారు 715 కిలోజౌళ్ళు కావాలి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. అవి ఆక్సిజన్ మొహంతో పొటాషియం చుట్టూ, హైడ్రోజన్ మొహంతో క్లోరైడ్ చుట్టూ మూగి దాదాపు అంత శక్తినీ తిరిగి ఇచ్చేస్తాయి. దాదాపు అంతే, పూర్తిగా కాదు. వంద రూపాయలు ఖర్చు పెడితే తొంభై ఎనిమిది చేతికి వచ్చినట్టు. తక్కువైన ఆ రెండు రూపాయలూ నీటి వేడిలోంచి పోతాయి, అందుకే గ్లాసు చల్లబడుతుంది.

ఒక పిట్టకథ. 1913లో భౌతిక శాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలతో స్ఫటికాలు పరిశీలించినప్పుడు, మామూలు ఉప్పు కంటే పొటాషియం క్లోరైడ్ సులువుగా లొంగింది. పొటాషియం అయాన్‌లో 18 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్‌లోనూ 18. ఎక్స్ కిరణాలకు కనిపించేవి ఎలక్ట్రాన్లే కాబట్టి రెండూ ఒకటే అన్నట్టు కనిపించాయి. ఉప్పులో సోడియానికి 10, క్లోరైడ్‌కి 18, అక్కడ తేడా తెలిసిపోతుంది. దీన్ని అయానిక బంధానికి రుజువుగా చార్టులో రాద్దామని అమ్మాయి అంది. వద్దన్నాను. ఎలక్ట్రాన్ చేతులు మారకపోయినా 19, 17 దగ్గర దగ్గర అంకెలే కదా. పిట్టకథ పిట్టకథలాగే ఉండనీ.

జూలై 20, ఆదివారం

బూడిద రోజు. కొబ్బరి డొక్కలు కాల్చి, బూడిద నానబెట్టి, వడగట్టిన నీళ్ళను మరగబెట్టాం. గోధుమరంగు చెక్కులాంటిది మిగిలింది, రెండు చెంచాలు. చాలావరకు పొటాషియం కార్బొనేట్. పసుపు నీళ్ళలో వేస్తే పారాణి ఎరుపు, నిమ్మరసం పిండితే బుసబుస. పొటాష్ అన్న ఇంగ్లీషు మాట కుండలో కాచిన బూడిద నుంచే పుట్టింది, ఆ మాట లోంచే డేవీ తన లోహానికి పేరు తీశాడు.

సాసర్‌లో పెట్టి మూత మరిచిపోయాను. సోమవారం ఉదయానికి సాసర్‌లో చెక్కు లేదు, జావ ఉంది. గాలిలో తేమ తాగేసింది. ఎగ్జిబిషన్‌కి గాలి చొరని సీసా కావాలి, గుర్తుంచుకోవాలి.

జూలై 26, శనివారం

ఇవాళ ప్రయోగం లేదు, లెక్కలే. ఈ డైరీలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన రోజు కూడా ఇదే.

రుణవిద్యుదాత్మకతల పట్టిక గోడకి అంటించాం. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ 1932లో మొదలుపెట్టిన కొలమానం అది. బంధంలో ఎలక్ట్రాన్లను ఎవరు ఎంత గట్టిగా తమ వైపు లాక్కుంటారో చెబుతుంది. రెండు మూలకాల అంకెల తేడా 1.7 దాటితే అయానికం, లోపు ఉంటే ధ్రువ సమయోజనీయం (పంచుకున్నా ఒకరి వైపు ఎక్కువ లాగుడు) అని నేను ఏటా బోర్డు మీద రాసే సూత్రం. పొటాషియానికి 0.82, అంటే చెయ్యి చాచి ఇచ్చేసే రకం. ఫ్లోరిన్‌తో తేడా 3.16, క్లోరిన్‌తో 2.34, బ్రోమిన్‌తో 2.14, అయోడిన్‌తో 1.84. అన్నీ 1.7 పైనే, నాకు హాయి.

అమ్మాయి ఊరుకోదు కదా. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లెక్క వేసింది. 3.98 లోంచి 2.20 తీస్తే 1.78. సూత్రం ప్రకారం అయానికం. కానీ అది 19.5 డిగ్రీలకే మరిగిపోతుంది. 1.84 తేడా ఉన్న పొటాషియం అయొడైడ్ 681 డిగ్రీల దాకా ఘనమే. తేడా చూస్తే 0.06, తీరు చూస్తే ఒకటి మన వానాకాలం గదిలో ఆవిరయ్యేది, ఇంకోటి నిప్పుల్లో గానీ కరగనిది.

ఆ తర్వాత అబ్బాయి పర్మాంగనేట్ తీశాడు. అందులో పొటాషియంతో పాటు మాంగనీస్, ఆక్సిజన్ ఉంటాయి. మాంగనీస్ 1.55, ఆక్సిజన్ 3.44. తేడా 1.89. పొటాషియం, అయోడిన్‌ల మధ్య తేడా కంటే ఎక్కువ! "అయితే పర్మాంగనేట్‌లో మాంగనీసూ ఆక్సిజనూ విడివిడి అయాన్లా టీచర్?"

కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో రాత్రి పదకొండు దాకా కూర్చుంటే గానీ మాటల్లో పెట్టలేకపోయాను. పొటాషియం పోగొట్టుకునేది ఒకే ఒక్క ఎలక్ట్రాన్, అదీ చవగ్గా. మాంగనీస్ ఏడు పోగొట్టుకుని ప్లస్ 7 అయాన్‌గా ఒంటరిగా నిలబడాలంటే అయ్యే ఖర్చు ఏ స్ఫటికమూ భరించలేదు. అందుకని అది ఇవ్వదు, పంచుకుంటుంది. పైగా పట్టికలో ఉన్న 1.55 మాంగనీస్ మామూలుగా ఉన్నప్పటి అంకె. ప్లస్ 7 స్థితికి లాగితే అది కూడా ఎలక్ట్రాన్లను గట్టిగా లాగుతుంది, అసలు తేడా తగ్గిపోతుంది. 1.7 అనేది గోడ కాదు, పౌలింగ్ లెక్కలో అయానిక స్వభావం సగానికి చేరే చోటు, అంతే. ఇన్నేళ్ళూ దాన్ని నేను చెక్‌పోస్టులా వాడాను.

మధ్యాహ్నం రెండు వరసల చార్టు గీసుకున్నాం, "అయానికం", "సమయోజనీయం" అని. దాన్ని ఇంకా చింపలేదు గానీ దానితో నాకు పొసగడం లేదు.

ఆగస్టు 2, శనివారం

పర్మాంగనేట్‌లో లోపలి బంధం ఎలాంటిదో మాటల్లో కాదు, కంటికి చూపించాలి. గాజు పలక మీద వడపోత కాగితం ముక్క, దాన్ని ఉప్పునీళ్ళతో తడిపి, మధ్యలో పర్మాంగనేట్ పలుకు ఒకటి, రెండు చివర్లా క్లిప్పులు, 9 వోల్టుల బ్యాటరీ.

పూర్తిగా చెడింది. ఇరవై నిమిషాలకు ఊదా మరక అన్ని వైపులా పాకింది, ఒక పక్కకి నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువేమో. ఏమో అనే మాట ఎగ్జిబిషన్‌లో పనికిరాదు. ధన ధ్రువం దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన. ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్ అయిపోతోంది. కిటికీలు తెరిచేశాను. క్లిప్పు తుప్పు పట్టి కాగితం మీద పచ్చగా, మట్టిరంగుగా మరకలు. ఇంకాసేపు ఉంచితే ఊదా రంగే గోధుమ రంగులోకి మారింది, పర్మాంగనేట్ కాగితాన్నే కొరుకుతోంది. నా వేళ్ళు కూడా అదే రంగు. నిమ్మచెక్కతో రుద్దితే పోయింది.

ఆగస్టు 3, ఆదివారం

మూడు మార్పులు. ఉప్పునీళ్ళకి బదులు పల్చని పొటాషియం నైట్రేట్ ద్రావణం. క్లిప్పులు కాగితానికి తగలకుండా మధ్యలో పెన్సిల్ ముల్లు ముక్కలు. మూడు బ్యాటరీలు వరసగా, 27 వోల్టులు, కాగితం ఆరు సెంటీమీటర్లే. పలుకు పెట్టిన చోట కింద స్కేలు.

నాలుగో నిమిషానికి తెలిసిపోయింది. మరకకి తోక వచ్చింది, ధన ధ్రువం వైపు. పదో నిమిషానికి తొమ్మిది మిల్లీమీటర్లు. రెండో వైపు అంచు దాదాపు కదల్లేదు. బ్యాటరీ తీగలు మార్చాం. తోక ఆగి, కాసేపు తటపటాయించినట్టు పలచబడి, వెనక్కి మళ్ళింది. అబ్బాయి వీడియో తీస్తూ ఊపిరి బిగబట్టాడు.

నేను చూపించదలచుకున్నది కదలిక కాదు, రంగు. కదిలినంత మేరా ఊదాయే. మాంగనీసూ ఆక్సిజనూ విడిపోయే సరుకైతే ఆ రంగు దారిలోనే పోవాలి. ఒక మాంగనీస్, దాన్ని పట్టుకున్న నాలుగు ఆక్సిజన్లు కలిపి ఒకే ఒంటిగా, ఒక్క రుణావేశంతో ప్రయాణించాయి. వాటితో రాత్రీ పగలూ కూర్చున్న పొటాషియం మాత్రం కరెంటు పడగానే రెండో వైపుకి పోయింది. దానికి రంగు లేదు కాబట్టి పోయినట్టు కూడా తెలియలేదు.

"అయితే పొటాషియం బయటివాడు టీచర్," అన్నాడు అబ్బాయి. ఆ మాట చార్టుకి తీసుకున్నాను.

సాయంత్రం ఉప్పు పరీక్ష కూడా అయిపోయింది. మన దేశంలో ఉప్పుకి అయోడిన్ పట్టించేది పొటాషియం అయొడేట్‌తో. అందులో అయోడిన్ మూడు ఆక్సిజన్లను పట్టుకుని ఉంటుంది, తేడా 0.78 మాత్రమే, శుద్ధ ధ్రువ సమయోజనీయం. ల్యాబ్‌లోని పొటాషియం అయొడైడ్‌లో అయోడిన్ ఒంటరి అయాన్. రెంటికీ పొటాషియమే తోడు. అయొడైడ్ ద్రావణంలో నిమ్మరసం, పల్చని గంజి వేస్తే మార్పు లేదు. అందులోకి నాలుగు చెంచాల ఉప్పు పడగానే లేత నీలం. ఒంటరి అయోడినూ ఆక్సిజన్లు పట్టుకున్న అయోడినూ పులుపులో కలిస్తే రెండూ మామూలు అయోడిన్ అయిపోతాయి, గంజి దాన్ని పట్టిస్తుంది.

ఆగస్టు 9, శనివారం

పటిక. కిరాణా కొట్లో కొన్న గడ్డ, గాజులా ఉంది. పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్, నీళ్ళు అని లేబుల్ కూడా రాసేశాం. ఎందుకైనా మంచిదని పటిక పొడిలో తడి సున్నం వేసి నలపమన్నాను. అమ్మాయి ముక్కు మూసుకుని లేచింది. అమోనియా! అది పొటాషియం పటిక కాదు, అమ్మోనియం పటిక. బజారు పటికలో ఇది మామూలే. అమ్మోనియం అయాన్ దాదాపు పొటాషియం అయాన్ అంత సైజు, అదే ఒక్క ధనావేశం, కాబట్టి అదే కుర్చీలో సర్దుకుని కూర్చుంటుంది. స్ఫటికం ఆకారం కూడా మారదు.

డబ్బులు వృథా అని అబ్బాయి చిన్నబోయాడు గానీ నాకు పండగే. పొటాషియం అయాన్ ఒంటరి పరమాణువు, లోపల బంధమనేదే లేదు. అమ్మోనియంలో నైట్రోజన్ నాలుగు హైడ్రోజన్లతో పంచుకుంటోంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే, లోపల వేరు.

భీమవరంలో ల్యాబ్ సామాన్ల షాపులో అసలు పొటాష్ పటిక తెచ్చాం. సున్నంతో వాసన లేదు. 10 గ్రాములు గరిటెలో వేసి సన్నటి సెగ మీద పెడితే తన నీళ్ళలో తనే కరిగి, బుడగలు వేసి, పేలాల ముద్దలా పొంగింది. చివరికి 5.9 గ్రాములు. లెక్క ప్రకారం బరువులో నూటికి 45 పైన నీళ్ళే, ఇంకాస్త వేడి చేసి ఉంటే 5.5 దగ్గరికి వచ్చేది. ఒక్కో పొటాషియానికి లెక్కన పన్నెండు నీటి అణువులు: ఆరు అల్యూమినియం చుట్టూ, ఆరు పొటాషియం చుట్టూ, ఆక్సిజన్ మొహం లోపలికి పెట్టి. జూలై 19న గ్లాసులో మూగిన నీళ్ళే ఇక్కడ గడ్డకట్టి కూర్చున్నట్టు.

మిగతా పటికను నీళ్ళలో కరిగించి, ఆ ద్రావణంలో దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీశాం.

ఆగస్టు 17, ఆదివారం

పటిక పలుకు శెనగ్గింజంత పెరిగి, రాత్రి దారం తెగి అడుగున పడింది. ఎనిమిది మొహాల్లో ఒకటి చదునైపోయింది. ఫిషింగ్ వైరుతో మళ్ళీ కట్టాం.

పాత చార్టు చింపేశాం. కొత్తదానిలో ఒక్కో పదార్థానికీ రెండు గళ్ళు: "మధ్యలో" (పొటాషియానికీ దాని జోడీ అయాన్‌కీ మధ్య), "లోపల" (ఆ జోడీ అయాన్ లోపల). మధ్యలో అన్న గడిలో అన్నిటికీ అయానికమే. లోపల అన్న గడి క్లోరైడ్‌కీ అయొడైడ్‌కీ ఖాళీ, కార్బొనేట్, నైట్రేట్, అయొడేట్, పర్మాంగనేట్, సల్ఫేట్‌లకి ధ్రువ సమయోజనీయం. తేడాల అంకెలు చిన్న అక్షరాల్లో పక్కన ఉన్నాయి, 1.89 కింద ఎర్ర గీతతో.

పొటాషియం నైట్రేట్ కార్డు అమ్మాయి చేతే రాయించాను, ప్రశ్న తనదే కాబట్టి. "నైట్రోజన్, ఆక్సిజన్లు ఒకరికొకరు ఇచ్చుకోలేదు, పంచుకున్నారు. పొటాషియం ఇచ్చిన ఎలక్ట్రాన్ ఆ గుంపు మొత్తానిది" అని రాసి, పుస్తకం చూసి బొమ్మ గీసింది. గీస్తూ ఆగిపోయింది.

"టీచర్, ఒక ఆక్సిజన్‌కి రెండు గీతలు, మిగతా రెండింటికీ ఒక్కోటి ఉన్నాయి. మూడూ ఆక్సిజన్లే కదా, ఒకదానికే రెండెందుకు?"

ఆదివారం కాబట్టి బెల్లు కొట్టేవాళ్ళు లేరు. సుద్దముక్క తీసుకున్నాను.